హీటరు కడ్డీకి పట్టిన గార

చలికాలము వచ్చినదనగా మన స్నానపుగదులలో బకెట్టులకు హీటరు కడ్డీలు వ్రేలాడును. నల్లగొండ, అనంతపురము వంటి మెట్టసీమలలో బోరునీటితో కాపురము చేయు మావంటివారి యిండ్లలో, కొన్ని వారములైనను గడవకమునుపే కడ్డీచుట్ట సున్నము పూసినట్లు తెల్లబడును.

ఈ గార యెక్కడిది? బోరునీటిలో సున్నపులవణము బైకార్బనేటు రూపమున కరగియుండును. వేడి తగులగా అది విరిగి, బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. కరగని కాల్షియం కార్బనేటు మిగిలి, మిక్కిలి వేడిగల చోటున, అనగా చుట్టమీదనే, పేరుకొనును.

గార పట్టిన కడ్డీ కరెంటును మిక్కిలిగా తినునని పలువురందురు. మేము దానిని అంతగా నమ్మము. నీట మునిగిన కడ్డీ వేడి తుదకు నీటికే చేరవలెను గదా! 1500 వాట్ల కడ్డీతో 15 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 18 నిముషములు పట్టును. గారవలన ఆ లెక్క పెద్దగా మారదు. నష్టపోవునది లోపలి తీగ. లోహపు గొట్టము నడుమ నిక్రోము తీగ మెలికలు తిరిగియుండును. తీగకును గొట్టమునకును మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడి దట్టించియుందురు. అది వేడిని పోనిచ్చును, కరెంటును పోనీయదు. పైన గార దుప్పటివలె కప్పినచో వేడి వెలికి పోజాలక, తీగ మితిమీరి కాగి, ఆయువు తీరకమునుపే తెగును.

కత్తితో గీకుట, రాతిమీద తట్టుట మనవారి అలవాటు. రెండును కూడవు, పైపూత లేచి గొట్టము చెడును. పులుపే దీనికి మందు. చింతపండుతో రాగిచెంబు తోమిన చేతులకు ఈ సంగతి క్రొత్త కాదు. స్విచ్చి ఆర్పుట చాలదు, ప్లగ్గునే ఊడదీయవలెను. కడ్డీ చల్లారిన పిదప లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ పాత్రలో చుట్ట మాత్రమే మునుగునట్లు నిలుపుడు. పిడి తడియరాదు. బుడగలు లేచి గార మెత్తబడును. గంట గడచిన పిదప పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, మంచినీట కడిగి, ఆరబెట్టుడు. చిక్కని చింతపండు రసమైనను పనిచేయును గాని ఆలస్యమగును. పాయిఖానా కడుగు ఆసిడ్డు జోలికి పోవలదు. అది గారతోపాటు లోహమునుకూడ తినును.

గార పోయినపుడు చుట్టను వెలుతురున త్రిప్పి చూడుడు. మా దృష్టిలో శుభ్రపరచుటకంటె ఇదియే ముఖ్యము. సన్నని బీట, ఉబ్బు, రంధ్రము కనబడెనా, తేమ లోపలి పొడికి చేరును. కరెంటు నీటికి దిగును. ఆ బకెట్టులో వేలుపెట్టిన పసివాని గతి యేమి? అట్టి కడ్డీని పొదుపు పేరిట అటకమీద దాచవలదు. మరియొకరు వాడకుండ దాని తీగను కత్తిరించి పాతసామానువానికి ఇచ్చివేయుడు.

కడ్డీ బాగుగనే యున్నను ఇనుప బకెట్టు వలదు. మూడుకాళ్ళ ప్లగ్గు, సరియైన ఎర్తు ఉండవలెను. గురుతుగీతవఱకు నీట దించిన పిదపనే స్విచ్చి వేయుడు. నీరు కాగినదో లేదో చేతితో చూడదలచినచో, ముందు ప్లగ్గు తీసి, ఆపైని చేయి పెట్టుడు.