రెండు గేరు రాడ్ల బండి

మిత్రులారా, ఇంగ్లండులో ఆదివారాలు చేతులకు గ్రీజు పూసుకుని ఏం చేస్తుంటావని మీరంతా అడుగుతున్నారు. డైమండ్ టి 980 అనే పాత సైనిక ట్రక్కుల్ని బాగుచేసేవాళ్లతో ఓ చెయ్యి వేస్తుంటాను.

రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకుల్ని ట్రెయిలరు మీద పెట్టి లాగడానికి బ్రిటన్ అమెరికాలో చేయించుకున్న బండి ఇది. వేగం గంటకు 37 కిలోమీటర్లే. మన ఊరి బస్సే నయం! బలమంతా గేర్లలో ఉంది. నాలుగు గేర్ల పెట్టె, దాని వెనక మూడు గేర్ల పెట్టె ఇంకోటి. వెరసి పన్నెండు. గేర్ల లెక్కలు నేర్పిన మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు, తప్పయితే దిద్దుతారు.

యుద్ధం అయ్యాక విన్స్, పిక్‌ఫర్డ్స్ లాంటి రవాణా సంస్థలు వీటిని కొని ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్లు లాగించాయి. ఇప్పుడు కొన్నవాళ్లు కొందరు ఆ కంపెనీ రంగు గీకేసి మిలిటరీ పచ్చరంగు వేస్తారు. నాకది నచ్చదు. యుద్ధంలో తిరిగింది కొన్నేళ్లే, తర్వాత చేసిన చాకిరీ ఎక్కడికి పోవాలి?

రంగంటే మళ్లీ వేసుకోవచ్చు. రెండు రాడ్లూ కలిపి మార్చడం చేతికి తెలిసిన డ్రైవర్లు మాత్రం తగ్గిపోతున్నారు. అందుకే వాళ్లను బండెక్కించి, ఆ చేతుల్నీ మాటల్నీ వీడియో తీస్తున్నాం. భోజనాలయ్యాక ఒకటి చూపిస్తాను. మోత కాస్త ఎక్కువ, ఓర్చుకోండి.