బడి మెట్ల కొలత

ఐదేళ్ల ఆర్కిటెక్చర్ చదువులో ఒక సెమిస్టర్ ఆఫీసులో శిక్షణ. అక్కడ నాకు అప్పగించింది ఒక బడి మెట్ల డ్రాయింగు. మరో గది కలిసొస్తుందని యజమాని మెట్లు కుదించమన్నారు. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటికైతే మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్ల దాకా, వెడల్పు కనీసం 250. బడికి ఎత్తు 150 మించకూడదు, వెడల్పు 300కు తగ్గకూడదు. 3.3 మీటర్ల అంతస్తుకు ఇంటి లెక్కన 18 మెట్లు చాలు. బడికి 22 కావాలి.

"గంట కొట్టాక పిల్లలు నడవరండీ, పరిగెత్తుతారు" అన్నారు మా సీనియర్. యజమాని కాసేపు ఆలోచించి గది వదులుకున్నారు.

లెక్క తప్పకూడదని ఈ బడిలో మా లెక్కల మాస్టారు నేర్పారు. ఎందుకు తప్పకూడదో ఆ ఆఫీసులో తెలిసింది. సెలవు.