ఇద్దరమ్మల బిడ్డతో దేశాటనము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయము 2000 సంవత్సరమున రెండు బీరువాలతో ప్రారంభమైన దినమున, తాళపుచెవి పట్టుకొని గుమ్మమున నిలిచినవారిలో నేనొకడను. ఇరువదియైదేండ్ల పిమ్మట ఈ వేదికపై మాటాడుమని కోరినపుడు విషయమును కూడ కార్యదర్శిగారే నిర్ణయించిరి. "మీరు అమెరికా వెళ్ళి వచ్చితిరి గదా, పిల్లలతో కలిసి ప్రయాణము చేయువారికి పనికివచ్చు సంగతులు చెప్పుడు" అనిరి. నేను అంగీకరించితిని. రెండు దినముల తరువాత మిత్రుడొకరు ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఊళ్ళ సంగతులు చెప్పండి చాలు, ఇంటి సంగతులెందుకు?" అని మెల్లగా అనిరి. ఆయన నా మేలు కోరియే చెప్పిరి. కాని ఆలోచించిన కొలదియు ఆ రెంటిని విడదీయుట నాకు సాధ్యము కాలేదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర మన బీరువాలో నున్నది. ఆయన 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆ గ్రంథమును క్షేత్రవర్ణనలకై చదువువారు పలువురు కలరు. నాకు నచ్చినది వేరు. ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఏ త్రోవ ఎట్టిది, ఎక్కడ సుంకమువారు ఆపుదురు అను సంగతులను వెనుక వచ్చువారికొరకు ఆయన శ్రద్ధగా వ్రాసిపెట్టిరి. నేను చెప్పబోవునదియు సుంకపు ఠాణాల వంటి సంగతియే. మా కుటుంబమునకు ఆ ఠాణాలు కొంచెము ఎక్కువ.

మా అమ్మాయిని మీరందరు ఎరుగుదురు. ఈ కిటికీ ప్రక్కనే కూర్చుండి చదివినది. పై చదువునకు బోస్టను వెళ్ళి, అక్కడనే ఉద్యోగములో స్థిరపడి, 2014లో ఆ దేశపు స్త్రీనొకతెను వివాహమాడినది. ఇద్దరు స్త్రీలు గాని, ఇద్దరు పురుషులు గాని చేసికొను వివాహమును అమెరికాలో మొదట అనుమతించినది వారు నివసించు మసాచుసెట్స్ రాష్ట్రమే. అది 2004 మే 17న జరిగెను. దేశమంతటను చెల్లునని అక్కడి సుప్రీంకోర్టు 2015 జూన్ 26న తీర్పు చెప్పెను. 2016లో వారికి ఆడపిల్ల కలిగినది. మొదట మేమెంత బాధపడితిమో, ఎన్ని నెలలు మాటలు మానితిమో ఈ సభకు అక్కరలేదు. మనుమరాలి ఫొటో వచ్చిన నాడు మా ఇంటావిడ విమానపు టిక్కెట్టు ధర యెంతయని అడిగినది. అంతటితో ఆ అధ్యాయము ముగిసెను.

పిల్ల మా అమ్మాయిని "అమ్మా" యనియు, రెండవ తల్లిని వారి దేశాచారము చొప్పున "మామా" యనియు పిలుచును. 2024 డిసెంబరులో వారిక్కడికి వచ్చినపుడు అది బజారులో "మామా! మామా!" యని కేకలు వేయగా, మనవారు ఇద్దరు ముగ్గురు ఆ మేనమామ యెక్కడ నున్నాడాయని వెదకిరి. ఆమెను ఏమని చెప్పవలెనో నాకును చాలకాలము తెలియలేదు. అల్లుడనరాదు, కోడలనరాదు. ఈ పూట "మా రెండవ అమ్మాయి" యందును.

ప్రయాణము తలపెట్టినపుడు వారిద్దరు మొదట ఒక ప్రశ్న వేసికొందురు. చూడదగినవి ఏవి, ఖర్చెంత అనునవి తరువాత. "అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో, మనలో ఎవరు ప్రక్కనున్నను అక్కడి వైద్యుడు తల్లియని ఒప్పుకొనునా?" ఇది వారి ప్రశ్న. ఇది అతిజాగ్రత్త యని నేను మొదట అనుకొంటిని. అపుడు మా అమ్మాయి 2007 నాటి వృత్తాంతమొకటి చెప్పినది.

ఇట్టి కుటుంబముల విహారమునకై ప్రత్యేకముగా ఏర్పాటైన ఓడ యొకటి ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఫ్లారిడాలోని మయామీ రేవునుండి బయలుదేరవలసియుండెను. వాషింగ్టన్ రాష్ట్రమునుండి లీసా పాండ్, జానిస్ లాంగ్‌బెన్ అను ఇద్దరు తల్లులు ముగ్గురు పిల్లలతో ఆ ఓడ యెక్కిరి. వారు పదునెనిమిదేండ్లుగా కలిసి జీవించుచున్నవారు. ఓడ కదలకముందే లీసా మెదడులో రక్తనాళము చిట్లి కుప్పకూలెను. ఆసుపత్రిలో జానిస్‌ను, పిల్లలను లోనికి పోనీయలేదు. వైద్యవిషయములలో నిర్ణయాధికారము తనకే కలదను పత్రమును ఆమె ఊరినుండి ఫ్యాక్సు ద్వారా తెప్పించెను. అయినను దాదాపు ఎనిమిది గంటలసేపు, కొద్ది నిమిషములు తప్ప, తనను బయటనే నిలిపిరని ఆమె చెప్పినది. లీసా మరణించెను. ఆమె వేసిన దావాను కోర్టు 2009లో కొట్టివేసెను. కాని 2010 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఒబామా, ప్రభుత్వ వైద్య పథకముల సొమ్ము పుచ్చుకొను ఆసుపత్రులన్నియు రోగి కోరినవారిని చూడనీయవలెనని ఆదేశించి, జానిస్‌కు స్వయముగా టెలిఫోను చేసెను. ఆ పిల్లలు ఓడ యెక్కినది విహారమునకు. ఈ కథ విన్న తరువాత ఆ ప్రశ్నను నేను మరల పరిహాసము చేయలేదు.

కావున వారి సంచిలో బట్టలకంటె ముందు కాగితముల కట్ట సర్దబడును. అందులో బిడ్డ పుట్టిన పత్రము, వివాహపత్రము, వైద్య నిర్ణయాధికార పత్రములు, అన్నింటికంటె ముఖ్యముగా కోర్టువారి దత్తత తీర్పు ఉండును. బిడ్డను కన్నది రెండవ అమ్మాయి. పుట్టిన పత్రములో ఇద్దరి పేర్లును ఉన్నవి. ఐనను మా అమ్మాయి తన బిడ్డను తానే న్యాయస్థానమున దత్తత తీసికొన్నది! ఇది వినుటకు వింతగా నుండును, నాకు కోపము కూడ వచ్చినది. కారణమేమనగా, పుట్టిన పత్రమును పరరాష్ట్రమువారు ప్రశ్నింపవచ్చును గాని, కోర్టు తీర్పును త్రోసివేయుట కష్టము. జార్జియా రాష్ట్రములో ఒక తల్లి పొందిన దత్తత తీర్పు చెల్లదని అలబామా రాష్ట్రపు న్యాయస్థానము పలుకగా, 2016 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాటను రద్దుచేసి దత్తతను నిలిపెను. అందువలన ఆ తీర్పు నకలు వారి సంచిలో ఒకటి, సెల్‌ఫోనులో ఒకటి, మా ఇనుపపెట్టెలో ఒకటి ఉండును.

2023 వేసవిలో మేము బోస్టను వెళ్ళినపుడు వారు మమ్ము మొదట తీసికొనిపోయినది ప్రావిన్స్‌టౌన్ అను సముద్రతీరపు పల్లెకు. వేగపు పడవలో గంటన్నర. భూమి కొక్కెమువలె వంగి సముద్రములోనికి పోయినచోట, ఆ కొక్కెపు కొనయందు ఊరున్నది. ఇంగ్లండునుండి వలసవచ్చిన యాత్రికులు 1620 నవంబరులో మొదట దిగినది ఇక్కడనే. వారి జ్ఞాపకార్థము కట్టిన రాతిగోపురము 252 అడుగుల యెత్తు. నేను సగము వరకు ఎక్కి, కండ్లద్దములు తుడుచుకొను నెపముతో ఆగితిని. పడవపై లోసముద్రమునకు పోయి తిమింగలములను చూచితిమి. మా ఇంటావిడ గంగమ్మ తల్లికి దండము పెట్టినది.

కాని ఆ యాత్రలో ఘనమైనది తిమింగలము కాదు. 1996 నుండి ప్రతి వేసవిలో అక్కడ ఒక వారము స్వలింగ దంపతుల కుటుంబములు చేరుచున్నవి. వీధిలో ఎటు చూచినను ఇద్దరు తల్లులు ఒక బిడ్డ, ఇద్దరు తండ్రులు ముగ్గురు బిడ్డలు, తాతలు, నాయనమ్మలు, తోపుడుబండ్లు, కారుచున్న ఐస్‌క్రీములు. ఏడేండ్ల మా మనుమరాలు ఇసుకలో ఒక పిల్లతో ఆడుచు, "నీకు ఎందరమ్మలు?" అని అడిగినది. ఆ పిల్ల "ఇద్దరు" అన్నది. "నాకును" అని ఇది గోతిని త్రవ్వుట కొనసాగించినది. బడిలో ప్రతి క్రొత్త పిల్లకును కథ విప్పి చెప్పవలసివచ్చెడి బిడ్డ, ఆ వారమంతయు ఎవ్వరికిని ఏమియు చెప్పలేదు. అట్టి కుటుంబము మీ బంధువర్గములో నున్నచో మొదటి ప్రయాణమునకు నేను ఆ ఊరినే చెప్పుదును. గదులు మాత్రము శీతకాలములోనే మాటాడుకొనవలెను, ధరలు మనబోంట్లు వినదగినవి కావు. జూలైలో కూడ అక్కడి సముద్రపు నీరు మన మాఘస్నానమును తలపించును.

తరువాత కారులో మాంట్రియల్ బయలుదేరితిమి. రెండవ అమ్మాయికి పని యుండి మరునాడు వచ్చునట్లు ఏర్పాటు. కెనడా సరిహద్దున అధికారి పిల్ల పేరును, మా అమ్మాయి ఇంటిపేరును చూచి, రెండవ తల్లి అనుమతి లేఖ యేదియని అడిగెను. నా గుండె ఝల్లుమన్నది. కాని అది వివక్ష కాదు. బిడ్డ ఒకరితోనే వచ్చినపుడు, అది తండ్రియైనను తల్లియైనను, వారు అట్లే అడుగుదురు. నోటరీ సంతకముతో లేఖ యున్నది. ఆయన చదివి, పిల్లను "మీ అమ్మలలో ఎవరు బాగా వండుదురు?" అని అడిగెను. "తాతమ్మ" అన్నది. అమ్మమ్మను అది అట్లే పిలుచును. గేటు లేచినది.

అన్ని రేవులును అట్లుండవు. నేను చెప్పిన విహారపు ఓడల సంస్థ మొదటి ఓడ 2004 జూలైలో బహామాదీవుల నసావు రేవు చేరినపుడు, దిగుచున్న పిల్లల యెదుట నినాదములు చేయుచు జనము నిలిచిరి. ఐరోపాలోను అంతయు ఒక్కటి కాదు. ఈ వివాహములకు నెదర్లాండ్సు 2001 నుండియు, స్పెయిను 2005 నుండియు, పోర్చుగల్ 2010 నుండియు చట్టము చేసినవి. మా వారు లిస్బను వెళ్ళివచ్చి, పిల్లలకు అక్కడి సముద్రజీవుల ప్రదర్శనశాలకు మించినది లేదనిరి. ఇటలీలోనో, 2023లో పాడువా పట్టణపు ప్రాసిక్యూటరు 33 మంది పిల్లల పుట్టిన పత్రములనుండి రెండవ తల్లి పేరు కొట్టివేయింప బూనెను. 2025 మేలో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము విదేశ వైద్యసహాయముతో కలిగిన బిడ్డలకు ఇద్దరు తల్లులను ఒప్పుకొనవలెనని తీర్పు చెప్పెను. స్పెయినులో 2019లో పుట్టిన ఒక పసిదాని కథ ఇంకను కష్టము. ఒక తల్లిది బల్గేరియా, మరొక తల్లిది బ్రిటను. కన్నతల్లి యెవరో చెప్పనిదే పత్రము ఇయ్యమని బల్గేరియా అధికారులనిరి. 2021 డిసెంబరు 14న ఐరోపా న్యాయస్థానము, ఆ బిడ్డ ఇద్దరితోను దేశములు తిరుగుటకు వలసిన పత్రము ఈయవలసినదేయని చెప్పెను. 2023లో బల్గేరియా ఉన్నత పరిపాలన న్యాయస్థానము మరల కాదన్నది. ఆసియాలో తైవాను 2019లోను, థాయిలాండు 2025 జనవరిలోను వివాహచట్టము చేసి అమలులోనికి తెచ్చినవి.

హైదరాబాదుకు చౌక టిక్కెట్లు తరచు దుబాయి, దోహాల మీదుగా దొరకును. ఆ దేశములలో ఇట్టి సంబంధము నేరము. విమానము తప్పి ఒక రాత్రి ఆగవలసివచ్చినచో ఏమగునో యని మా వారు డబ్బు ఎక్కువ పెట్టి ఐరోపా మీదుగా వచ్చిరి. మన దేశమున 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో అది నేరము కాకపోయెను. కాని 2023 అక్టోబరు 17 నాటి తీర్పు వివాహముగా గుర్తింపు నీయలేదు. రెండవ అమ్మాయి పర్యాటక వీసాతో వచ్చినది. నేను కంగారుపడిన ఠాణా యేదియు మనవారిని ఆపలేదు. ఆపినవాడను నేనే.

అందరమును విశాఖనుండి రైలులో అరకులోయకు వెళ్ళితిమి. పిల్ల సొరంగములను లెక్కించుచు నలుబదికి పైన లెక్క తప్పినది. సాయంకాలము బసలో గుమాస్తా "వీరెవరండీ?" అని అడిగెను. "మా అమ్మాయి, ఆమె స్నేహితురాలు, స్నేహితురాలి బిడ్డ" అని నేను గబగబ చెప్పితిని. పిల్లకు తెలుగు వచ్చునని నాకు తెలియును. రాత్రి కంబళి కప్పుచుండగా అది, "తాతయ్యా, మామా అమ్మకు ఫ్రెండా? నేను నీకేమవుతాను?" అని అడిగినది. ముప్పదియేండ్లు పిల్లలకు పాఠము చెప్పినవాడను, నోట మాట రాలేదు. మా అమ్మాయి గోడవైపు తిరిగి పడుకొన్నది. అది మేలుకొనియే యున్నదని నాకు తెలియును.

తెల్లవారగనే క్రిందికి పోయి రిజిస్టరు అడిగి, "నిన్న తప్పు వ్రాయించితిని. ఈ ఇద్దరును మా అమ్మాయిలే. వారిద్దరు దంపతులు. పిల్ల నా మనుమరాలు" అని చెప్పితిని. ఆ కుఱ్ఱవాడు కొట్టివేసి, మరల వ్రాసి, తలయెత్తకుండ, "సరేనండి. టిఫినుకు ఇడ్లీనా, పూరీనా?" అనెను. ఆ ఒక్క మాటకు నేను రాత్రియంతయు నిద్రపోలేదు!

కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఊరిలో నున్న పది దినములలో ఆ పిల్ల ఇక్కడ బాలసభ్యురాలుగా చేరినది. సభ్యత్వపు పత్రములో "తండ్రి పేరు" అని ఒక గడి కలదు. ఆ పత్రమును 2000లో అచ్చు వేయించినది నేనే. పిల్ల కలము పట్టుకొని నా ముఖము చూచినది. ఆ గడిలో పట్టక, పత్రపు అంచున ఇద్దరమ్మల పేర్లు నిలువుగా వ్రాసినది. మన కేంద్ర ప్రభుత్వమే 2016 డిసెంబరు నుండి పాస్‌పోర్టు దరఖాస్తున తల్లి, తండ్రి, సంరక్షకులలో ఒక్కరి పేరు చాలునన్నది. ఊరిలో తండ్రి లేక తల్లి కష్టముతో చదువుకొనుచున్న పిల్లలు ఎందరున్నారో మీకు తెలియును. పాత పత్రములు ఇంకను ఒక కట్ట మిగిలియున్నవని గ్రంథపాలకులు చెప్పిరి. వాటి వెల నేనిచ్చుకొందును, క్రొత్తవి వేయింపుడు.

పోతే, ఆ పిల్ల తీసికొనిపోయిన బొమ్మల రామాయణము ఇంకను బోస్టనులోనే యున్నది. గడువు పదునైదు దినములే గదా. అపరాధ రుసుము కూడ నా ఖాతాలోనే వ్రాయుడు.