డ్రైవరు నిద్రపోయాడా?



మొన్న మనలో ఒక అక్క చదువుకు ఆలస్యంగా వచ్చింది. "మా ఆయన రాత్రంతా బండి నడిపి పొద్దుగాల వచ్చి పండుకుండు. తొమ్మిదింటికే లేపి రేషన్‌కు తోలిన. ఇయ్యాల రాత్రి మళ్ల లోడుకు పోతుండు" అన్నది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మన బాటసింగారం విజయవాడ రోడ్డు మీద ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడికి వచ్చాక లారీలు, డీసీఎంలు ఇంకా పెరిగాయి. మామిడికాయల కాలంలో ఇక చెప్పనక్కర లేదు. కాయ చెడకముందే చేర్చాలని రాత్రంతా నడుపుతారు.

తాగి నడిపితే తిడతాం. నిద్ర ఆపుకొని నడిపితే "పాపం, కష్టజీవి" అంటాం. కాని 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి కొంచెం తాగిన మనిషిలాగే తడబడతాడు.

కునుకు ఎంతసేపు? 4 సెకండ్లే అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ 4 సెకండ్లలో సుమారు 90 మీటర్లు పోతుంది. కళ్లు మూసుకొని అంత దూరం! బ్రేకు ఎవరు వేస్తారు? రాత్రి 2 నుండి 5 దాకా కునుకు ఎక్కువగా వస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా అంతే.

మొహం కడుక్కోవడం, పాటలు పెట్టుకోవడం కాసేపే పనిచేస్తాయి. టీ తాగినా వెంటనే మత్తు పోదు. రోడ్డు దిగి, భద్రమైన చోట బండి ఆపి, టీ తాగి, 20 నిమిషాలు పడుకుంటే కొంత మేలు. రాత్రి నిద్రకు మాత్రం అది సాటి రాదు. కొన్ని దగ్గు మందులు, జలుబు మాత్రలు మత్తు తెస్తాయి. డాక్టరును అడగాలి.

1961 నాటి చట్టం ఒకటి 2025 దాకా ఉండేది. జీతానికి నడిపే డ్రైవరుకు 5 గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో రాశారు. రాశారు గాని, తొందరపెట్టే యజమానికి అలాంటివి గుర్తుండవు. మనం కూడా "ఎక్కడున్నవ్, ఎప్పుడొస్తవ్" అని ఫోన్ మీద ఫోన్ చేస్తాం. "నిద్ర వస్తే ఆగు, రేపు రా" అని బయలుదేరే ముందే చెబుదాం. తెల్లవారుజామున కూలికి పోయే ఆటోలో డ్రైవరు ఆవలిస్తుంటే, బండి ఆపమని అందరం కలిసి అడుగుదాం. సిగ్గు వద్దు.

ఇవాళ ఆ అక్క రేషన్ తానే తెచ్చుకుంది. పిల్లలను వాళ్ల అమ్మమ్మ ఇంట్లో దింపి వచ్చింది. ఆయన ఇంకా పండుకొనే ఉన్నాడట.