ఆటలో మృగము, పొలములో పాము

గత వేసవిలో మా మనుమడు గుడివాడనుండి తన మిత్రులు నలుగురిని వెంటబెట్టుకొని దివిసీమలోని మా యింటికి వచ్చెను. మధ్యాహ్నమంతయు వారు సావడిలో కూర్చుండి ఒక ఆట ఆడుచుండిరి. పేకముక్కలు లేవు, చదరంగపు పలక లేదు. కొన్ని కాగితములును, పెక్కు ముఖములుగల పాచికలును మాత్రమే కలవు. ఒకడు కథ చెప్పుచుండును. తక్కినవారు తలకొక వేషము తాల్చినట్లు భావించుకొని, "నేను గుహలోనికి పోవుచున్నాను, కత్తి దూయుచున్నాను" అని నోటితోడనే ఆడుచుందురు. ఇది 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అను నిరువురు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటయట. కూచిపూడివారి పగటివేషములు చూచి పెరిగిన నాకు ఇందులో గొప్ప వింత తోచలేదు. కథ నడుపు పిల్లవానికి నేను సూత్రధారుడని పేరు పెట్టితిని. వారును ఒప్పుకొనిరి.

వింతయంతయు సూత్రధారుని చేతిలోని పుస్తకమున కలదు. అది దారిలో ఎదురగు ఘోరమృగముల పట్టిక. దాని మొదటి కూర్పు 1977లో, అనగా మన సీమకు ఉప్పెన వచ్చిన యేటనే, అచ్చయినది. అందు మన నాగములు కలవు, మన రాక్షసుడును కలడు. నాగమునకు పాము దేహము, మనుష్యుని శిరస్సు. రాక్షసునికి పులితల పెట్టి, చేత పొగగొట్టమిచ్చి బొమ్మ వేసిరి! మన పురాణములు ఎంత దూరము ప్రయాణము చేసినవో చూడుడు.

ప్రతి మృగమునకును బలమింత, వేగమింత యని అంకెలు వేసినట్లే, బుద్ధి యింత యనియు ఒక అంకె వేసిరి. 2014వ సంవత్సరపు కూర్పులో సామాన్యమనుష్యునికి పది. వానరమునకు ఆరు, ఏనుగునకు మూడు, పిల్లికిని మూడే. కాకికి దగ్గరి చుట్టమైన మాలకాకికి రెండు. ఇది విని నాకు నవ్వు వచ్చినది. పిండము పెట్టి కాకికొరకు ఎదురుచూచిన వారెవ్వరును ఈ లెక్కకు సమ్మతింపరు. పసిఫిక్ సముద్రమున న్యూ కాలెడోనియా దీవియందలి కాకులు పుల్లలను కొక్కెములుగా మలచి, తొర్రలలోని పురుగులను లాగి తినునని శాస్త్రజ్ఞులు కన్నులార చూచి వ్రాసిరి. కొక్కెము చేయు కాకి పిల్లికన్న తక్కువదెట్లగును?

నాకు తోచిన లోపము మరియొకటి కలదు. బుద్ధిని కుంచముతో కొలిచినట్లు ఒక్క అంకెతో కొలువవచ్చునా? కృష్ణ సముద్రమున కలియు చోట మడయడవులలో బావురుపిల్లి కలదు. ఇంటిపిల్లి నీరు తగిలిన పరుగెత్తును. ఇది నీటిలో మునిగి చేపను పట్టును. నీరుకుక్కలు వరుసతీరి, వలవేసినట్లు చేపలను తరిమి పట్టును. బావురుపిల్లి ఒంటరి వేటకత్తె, నీరుకుక్క సంసారి. దేని తెలివి దానిది.

మన పులిజూదమున ఈ చిక్కు లేదు. మూడు పులులు, పదునైదు మేకలు. పులికి దుముకు బలము, మేకకు గుంపు బలము. తెలివి కాయలో లేదు, ఆడువానిలో కలదు. అందుచేతనే మేకలు పులిని కట్టివేయగలవు. కాని యీ క్రొత్త ఆటలో సూత్రధారుడు తోడేలు పక్షమున ఆడునపుడు తన తెలివిని తోడేలంతకు తగ్గించుకొనవలెను. అది మిక్కిలి కష్టము. మనుష్యుడు మృగములో తన మనస్సునే చూచును.

ఈ మాట ఆటవద్ద ఆగిన బాగుండును. ఆ పుస్తకమున నాగమునకు బుద్ధి పదునారు. మామూలు విషసర్పమునకు ఒకటి. రెండును పాములే, కాని వేరు వేరు పుటలలో నున్నవి. మనము మాత్రము ఆ రెండు పుటలను ఒకటిగా అంటించితిమి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని సేవించుట, చవితినాడు పుట్టలో పాలు పోయుట నేనును చేయుదును, అది భక్తి. అయితే పొలముగట్టుమీది పాము మొగము గుర్తుపెట్టుకొని పగతీర్చుకొనుననుట వేరు. ఆ నమ్మకము ఒక ప్రాణము తీయుట నేను చూచితిని.

నా పదవ యేట మా పాలేరు వరికుప్పవద్ద నాగుపామును కర్రతో కొట్టెను. అది గాయముతో తప్పించుకొన్నది. నాటినుండి అతనికి నిద్ర లేదు. ఇరువది దినములు గడచిన పిదప, నేలమీద పండుకొన్న అతనిని రాత్రివేళ పాము కరచినది. తెల్లవారుసరికి రెప్పలు వాలిపోవుచుండెను. "పగబట్టిన పాము, మంత్రమే శరణ్యము" అని పెద్దలు నిశ్చయించిరి. బందరునకు తీసికొనిపోవుదమన్న మా మేనమామ మాట ఎవరును వినలేదు. మధ్యాహ్నమునకు ఊపిరి ఆగినది. చాప క్రింద దొరికినది కట్లపాము! కొట్టినది నాగుపాము, కరచినది కట్లపాము. చుట్టునున్న ఇరువదిమందిలో ఒక్కరికైనను ఆ సంగతి తట్టలేదు. నాకును తట్టలేదు.

కట్లపాము రాత్రి తిరుగును. దాని కాటునకు నొప్పియు వాపును అంతగా నుండవు. ఎలుకకొరకు ఇంట జొరబడును, ప్రక్కలో కదలినదానిని కరచును; అంతియే దాని యోచన. గుర్రముల నెత్తురునుండి తీయు విరుగుడుమందు నాగునకు, కట్లపామునకు, రక్తపింజరికి, చిన్నపింజరికి గూడ పనిచేయును. ఎంత త్వరగా ఎక్కించిన అంత మేలు. 2018లో దివిసీమయందు పాముకాట్లు మిక్కుటమై, మోపిదేవిలో సర్పయాగము జరిగినపుడు మా వీధివారికి నేను చెప్పినది ఇదియే: యాగమునకు పొండు, కాటుపడినవానిని మాత్రము ముందు ఆసుపత్రికి చేర్చుడు.

ఈ కథ విని మనుమని మిత్రులు కొంతసేపు పాచికలు ముట్టలేదు. సాయంత్రము మరల ఆట సాగినది. గుహద్వారమున పాము పడుకొని యున్నదట. "తాతగారూ, ఇది ఏమి చేయును?" అని సూత్రధారుడు నన్నడిగెను. "అడుగుల అదురు నేలనుండి తెలిసిన ప్రక్కకు తొలగిపోవును. తొక్కితిరా, కరచును" అంటిని. అతడు ఆ మాట పుస్తకపుటంచున వ్రాసికొనెను.