చిన్నతనము

తిరువూరునుండి మైలవరము మీదుగా విజయవాడకు పోవు బస్సులలో వేసవి దినములందు మామిడిపండ్ల గంపలు కానవచ్చుట వింత కాదు. కొన్నియేండ్ల క్రిందట, పరీక్షలు జరుగు రోజులలో, అట్టి గంప నొకదానిని దించుకొని ఒక రైతు నగరములోని ఒక వసతిగృహము వాకిట నిలిచియుండగా చూచితిని. కొంతసేపటికి కుమార్తె వచ్చినది. నలువైపుల ఒకమారు పరికించి, గంపను గబగబ లోనికి చేర్చి, "ఇక వెళ్ళు నాన్నా, బస్సు తప్పిపోతుంది" అన్నది. బస్సునకు ఇంకను చాల వ్యవధి యున్నది. తండ్రి మారుమాటాడక తువాలు దులిపి భుజమున వేసికొని వెడలిపోయెను.

ఆ బాలికను తప్పుపట్టుటకు నాకు నోరాడలేదు. తోటివారు చూచెదరేమో యని ఆమెకు చిన్నతనముగా తోచినది, అంతే. అయితే ఆ చిన్నతనము ఇంటినుండి తెచ్చుకొన్నది కాదు. చదువుకొన వచ్చినచోట నేర్చుకొన్నది.

మనము ఇంతగా వెరచు ఈ చిన్నతనమును ఎనిమిదివందల యేండ్ల క్రిందట ఇటలీ దేశమున ఒకడు కోరి తెచ్చుకొనెను. అతడు అస్సీసీ పట్టణమున బట్టల వర్తకుని కుమారుడు, ఫ్రాన్సిస్. 1206 ప్రాంతమున బిషప్పు సమక్షమున తాను ధరించిన వస్త్రములను సైతము తండ్రికి తిరిగి యిచ్చివేసి, 1226లో మరణించు వరకు నిరుపేదగా జీవించెను. తన వెంట వచ్చినవారికి అతడు పెట్టిన పేరు "చిన్నసోదరులు". 1221 నాటి నియమావళిలో, ఎవ్వరిని "ప్రథముడు" అను అర్థమిచ్చు బిరుదుతో పిలువరాదనియు, ఒకరి పాదములు మరియొకరు కడుగవలెననియు వ్రాయించెను. పెద్దలకు అతడిచ్చిన పేరు సేవకులనియే. నేటి కళాశాలాధిపతిని మనము ప్రిన్సిపాలనుచున్నాము. ఆ మాటకు మూలార్థము ప్రథముడనియే! ఫ్రాన్సిస్ వినియుండినచో చిరునవ్వు నవ్వెడివాడేమో.

ఆ సంప్రదాయము మన ప్రాంతమునకు సన్యాసినుల ద్వారా వచ్చినది. ఫ్రాన్సు దేశీయురాలైన హెలెన్ ద షప్పొతాన్ 1877లో ఉదకమండలమున ఒక స్త్రీల సంఘమును స్థాపించినది. 1882లో ఆమె ఫ్రాన్సిస్ మార్గమును స్వీకరించినది. ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ యనబడు ఆ సంఘమువారే 1947లో మద్రాసున స్టెల్లా మారిస్ కళాశాలను, 1962లో విజయవాడలో మారిస్ స్టెల్లా కళాశాలను నెలకొల్పిరి. తిరువూరు వంటి ఊళ్ళ ఆడపిల్లలకు పెద్దచదువు ఇల్లు విడిచి దూరము పోవలసిన కాలమున, అట్టి కళాశాల నగరమున వెలయుట చిన్న విషయము కాదు.

అయినను ఇచ్చట ఒక చిక్కు కలదు. ఫ్రాన్సిస్‌కు చదువుపై అనుమానమే మెండు. ఒక శిష్యుడు తనకొక కీర్తనల గ్రంథము కావలెనని అడిగినప్పుడు, నేడు ఆ గ్రంథము, రేపు ఇంకొకటి, ఆపైన పీఠమెక్కి కూర్చుండి, నా పుస్తకము పట్టుకొని రమ్మని సోదరుని ఆజ్ఞాపింతువని హెచ్చరించెనని ఒక కథ చెప్పుదురు. అతడు భయపడినది పుస్తకమునకు కాదు, పీఠమునకు. కాబట్టియే పాదువా ఆంటోనీ అను పండితుడు సోదరులకు పాఠములు చెప్పుటకు సమ్మతించుచు, ఆ చదువు ప్రార్థనాభావమును ఆర్పివేయరాదని మాత్రము ఒక చిన్న లేఖ వ్రాసెను.

మన కళాశాలలలో ఆ పీఠము తరచు ఇంగ్లీషు రూపమున నుండును. పల్లెలో తెలుగున చదివిన పిల్ల మొదటి సంవత్సరము నోరు విప్పదు. ఆమెకు తెలియక కాదు. ప్రక్కనున్నవారు నవ్వుదురేమో యని. ఇంగ్లీషు వచ్చిన పిల్ల ఆమె చెంత కూర్చుండి, దయ చూపుచున్నట్లు కనబడకుండ పాఠమును తెలుగున చెప్పవలెను. పొలము సంగతులు, వాగు సంగతులు ఆమెవలన తాను వినవలెను. ఇచ్చుట కొందరికి సులభమే. పుచ్చుకొనుటయే కష్టము. చెట్లు నాటుట, పేదలకు బట్టలు పంచుట మంచి పనులే. వానికి ఛాయాచిత్రములు తీయుదురు గనుక అవి ఎట్లును జరుగును.

తండ్రిని విడిచిన ఫ్రాన్సిస్‌ను పిల్లలకు ఆదర్శముగా చూపుట తగునా యని కొందరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఆ తండ్రి దుఃఖమును నేను తక్కువ చేయను. కాని అతడు విడిచినది తండ్రి సంపదను. మన పిల్లలు దాచుచున్నది తండ్రి పేదరికమును.

ఫ్రాన్సిస్ పేరు చెప్పుకొను విద్యాలయమున నేను మొదట చూడదలచునది గ్రంథాలయము కాదు, సందర్శకుల గది. గంపతో వచ్చిన రైతు అచ్చట కుర్చీలో కూర్చున్నాడా, గోడవార నిలిచినాడా? ప్రక్కన కుమార్తె తీరికగా కూర్చుండి ఊరి కబుర్లు అడుగుచున్నదా? పండ్లు ఎందరు పంచుకొనిరన్నది ఆ తరువాతి మాట.