ఎవరి దారికి నీడ?



హోసూరులో మన పెద్దవాళ్ళను అడగండి, ఎండాకాలంలో కూడా ఫ్యాను లేకుండా పడుకున్న రోజులు చెప్తారు. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు ఎక్కడికీ పోలేదు, పోయింది చెట్టూ చెరువూ. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది, 2019లో ఊరు కార్పొరేషన్ అయింది. కృష్ణగిరి వైపు రోడ్డు వెడల్పయింది. తారు, సిమెంటు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతాయి. చెట్టు నీడనివ్వడమే కాదు, ఆకుల గుండా నీటిని ఆవిరిగా వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకుందాం. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల దాకా పీల్చుకుంటుందని సాధారణంగా చెప్పే లెక్క. అంటే పది లీటర్లు కూడా కాదు! మొక్కలు నాటాం కదా అని బండి తాళం తిప్పేస్తే లెక్క కుదరదు. కానీ ఎండలో నిలబడే మనిషికి ఆ చెట్టు ఇవాళే అక్కరకొస్తుంది.

ఆ నిలబడేది ఎవరు? షిఫ్టు దిగి బస్సు కోసం చూసే కాంట్రాక్టు కార్మికులు, తోపుడు బండి మీద మామిడికాయలు అమ్మే అక్కలు, రేకుల ఇళ్ళలో అద్దెకుండే వలస కూలీలు. గేటు ఉన్న లేఅవుట్లలో చెట్లున్నాయి, వీళ్ళ వీధుల్లో లేవు. జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు గుర్తుందా? అది అడవిలోది కాదు, యెరికో దారి పక్కది. ఎవరో నరకకుండా ఉంచబట్టే ఆయనకు దొరికింది.

మా తప్పు కూడా చెప్పాలి. ఒక జూన్ 5న మేమూ మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. మార్చి వచ్చేసరికి కర్రలే మిగిలాయి. నీళ్ళు ఎవరు పోయాలో మేం అనుకోనేలేదు.

అందుకే ఈసారి తక్కువ నాటుదాం. కానుగ, వేప, నేరేడు మన నేలకు తెలిసినవి. కరెంటు తీగల కింద పెద్దచెట్టు వద్దు, రేపు కొమ్మలు కొట్టేస్తారు. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ తేవద్దు, తమిళనాడు ప్రభుత్వం 2025లో దాన్ని నాటడం నిషేధించింది. రోడ్డు పక్కనైతే ముందు కార్పొరేషన్ అనుమతి తీసుకోవాలి. రెండడుగుల గుంత, పశువుల ఎరువు, చుట్టూ కంచె, మూడు ఎండాకాలాలు నీళ్ళు. జూన్‌లో నాటితే అక్టోబరు దాకా వానలు సాయపడతాయి, ఆ తర్వాత బిందె మనదే.

ఆరాధన అయ్యాక బయట ఒక నోట్‌బుక్ పెడుతున్నాం. మీ వీధి పేరు, ఏ బస్టాపు దగ్గర నీడ లేదో రాయండి. పక్కనే నీళ్ళు పోసే ఇద్దరి పేర్లు కూడా రాయాలి. రెండు పేర్లు లేని చోట మొక్క ఇవ్వం.